అమ్మ భుజం

1999లో వచ్చిన ఒక సినిమా పాటలో నాలుగో వరుసలో, చివరి నుంచి రెండోవాణ్ణి నేను. తెరమీద కనిపించేది రెండు క్షణాలు, అదీ పొగలో. ఆలేరులో ఆ సినిమా ఆడినప్పుడు అమ్మను తీసుకెళ్లాను. ఎటు చూడాలో ముందే చెబుదామనుకునేలోపే పాట రావడం, "అగో, మా పిల్లగాడు" అని అమ్మ పక్క సీటామెకు చూపించడం అయిపోయింది. ముప్పై మందిమి, అందరికీ ఒకే ఎర్రచొక్కా, ఒకే టోపీ. బయటికొచ్చాక "ఎట్ల గుర్తువట్టినవే?" అనడిగాను.

"నీ కుడి భుజం జర ముంగటికి పడుతది గద. నా లెక్కనే."

ఆ మాటకు నాకు సంతోషం కలగలేదు. ఆ భుజం గురించే రిహార్సల్‌లో రోజూ మాట పడుతున్నాను. వరుసలో ముప్పై భుజాలూ గీత గీసినట్టుండాలి, నాదొక్కటి గీత దాటుతోంది. ఇరవయ్యేళ్ల వయసు. రాత్రిళ్లు గదిలో అద్దం ముందు నిలబడి దాన్ని వెనక్కి నెట్టుకునేవాణ్ణి.

మాది ఆలేరుకు దగ్గర్లో ఒక పల్లె. పద్మశాలీలం. నాయిన గుంట మగ్గం మీద పోచంపల్లి చీరలు నేసేవాడు, అమ్మ ఆసు పోసేది. ఆసంటే తెలియనివాళ్లకు చెప్పాలి. చీర మీద పువ్వో చిలకో రావాలంటే పోగుకు ముందే ముడులు కట్టి రంగులో ముంచాలి. ముడులు కట్టాలంటే పోగంతా లెక్కప్రకారం పరుచుకొని ఉండాలి. అందుకు ఒక చివర ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా కొయ్యలు. పోగును ఇటునుంచి అటు తీసుకుపోయి ఒక కొయ్యకు తిప్పి మళ్ళీ ఇటు తేవాలి. మళ్ళీ అటు, పక్క కొయ్యకు. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు.

ఈ లెక్క నాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు తెలిసిందల్లా రాత్రి అమ్మ భుజానికి ఉప్పు కాపడం పెట్టడం. గుడ్డలో ఉప్పు మూటగట్టి, పెనం మీద వేడిచేసి, నేనో అక్కో అద్దేవాళ్లం. కాపడం పెడుతుంటే అమ్మ కళ్లు మూసుకునేది, కానీ వేళ్లు ఆగేవి కావు. చాపమీద పడుకున్న చెయ్యి కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదులుతూనే ఉండేది. నేను నాట్యం అనే మాట వినకముందు చూసిన మొదటి కదలిక అది.

రెండోది చిందోళ్ల ఆట. పంటలు ఇళ్లకు చేరాక చిందు భాగోతం ఆడేవాళ్లు మా ఊరికి వచ్చేవారు. తేలిక కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, వాటిమీద అద్దం తునకలు. మద్దెల మోగగానే రాజు వేషగాడు తెర వెనకనుంచి మొదట భుజమే బయటపెట్టేవాడు. ఆ ఒక్క భుజం రెండుసార్లు ఎగిరితే చాలు, వచ్చినవాడు రాజని తెలిసిపోయేది, మాట అవసరం ఉండేది కాదు. తెల్లారేదాకా కూర్చునేవాణ్ణి. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చూసినరోజు నేను క్లాసు చెప్పలేకపోయాను. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి ఆ రాత్రుల గురించే చెప్పాను.

1997లో డిగ్రీ పేరు చెప్పి హైదరాబాదు వచ్చాను. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం. అక్కడ మేడమీద గది ఖాళీగా ఉంటే చాలు డాన్స్ స్కూలు బోర్డు వేలాడేది. మొదట అలాంటి చోట నేర్చుకొని, తర్వాత గ్రూప్ డాన్సర్‌గా వెళ్లడం మొదలుపెట్టాను. ఆ పని గురించి చులకనగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. మాస్టర్ ఒక్కసారి చూపించిన మూమెంట్‌ను రెండోసారికల్లా పట్టుకోవాలి. పాట వినిపించే టేప్ యంత్రం నాగరా ఆన్ చేసేవారు, ఎనిమిది కౌంట్ల బిట్, కట్, వెలుగు మార్పు, మళ్ళీ అదే బిట్ ఇంకో పక్కనుంచి. ఎండలో, తోలు బూట్లలో, పొద్దున ఆరింటినుంచి. ఒంటికి అంత జ్ఞాపకశక్తి ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

ఒక్కటే వెలితి. ఒక పాటను మొదట్నుంచి చివరిదాకా నేనెప్పుడూ ఆడలేదు. ఆడిందంతా ముక్కలు. నాలుగు నిమిషాల పాటకు నాలుగైదు రోజులు పనిచేసినా, అందులో నా ఒంటికి తెలిసింది అర నిమిషం.

ఆ వెలితే నన్ను చిక్కడపల్లిలో ఒక కూచిపూడి మాస్టారి దగ్గరికి చేర్చింది. మద్రాసులో వెంపటి చినసత్యంగారు 1963లో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో నేర్చుకున్న మనిషి. కృష్ణా జిల్లా మాట, తెల్ల పంచె. ఇరవయ్యొక్కేళ్ల వయసులో వచ్చినవాణ్ణి, ఏడెనిమిదేళ్ల పిల్లల పక్కన నిలబెట్టారు. మొదటి నెల కాళ్లు తప్ప ఏమీ చూడలేదు. తర్వాత ఒకరోజు నా భుజం దగ్గర ఆగి, "మీ ఇంట్లో ఏం పని చేస్తారయ్యా?" అనడిగారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "దాన్ని నెట్టమాకు. అరమండి ఇంకా కిందికి తీసుకురా. కింద కుదిరితే పైన అదే కుదురుకుంటుంది" అన్నారు. అరమండి అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం.

కుదిరింది కూడా. నడుం కిందనుంచి ఆధారం దొరికాక భుజం తనంతట తానే బరువు దించుకుంది. అద్దం ముందు రెండేళ్లలో రానిది ఆరు నెలల్లో వచ్చింది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం మొత్తం చేసినరోజు, ఒక నాట్యాన్ని మొదలుపెట్టి ముగించడమంటే ఏమిటో నా ఒంటికి మొదటిసారి తెలిసింది. త్యాగరాయ గానసభలో నలభై మంది ఉన్నారేమో. నాయిన రాలేదు, చీర గడువు ఉంది. అమ్మ వచ్చింది.

సినిమా పనిమీదే ఒకసారి చెన్నై వెళ్లాను. షూటింగు వాయిదా పడితే, నాతో ఆడే ఒక తమిళ కుర్రాడు బెసెంట్ నగర్ తీసుకెళ్లాడు. ఇలియట్స్ బీచ్ దగ్గర నర్తకి చంద్రలేఖగారి ప్రదర్శన స్థలం 'స్పేసెస్'. ఆ సాయంత్రం 'శరీర' ప్రదర్శన. 2001లో ఆవిడ రూపొందించింది, ఆవిడ చివరి రచన అదే. ఒక స్త్రీ, ఒక పురుషుడు, వెనక గుండేచా సోదరుల ధ్రుపద్ గానం. ఆ అమ్మాయి కాలు నేలమీదనుంచి పైకి లేవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. సినిమా లెక్కలో ఆ వ్యవధిలో ఒక చరణం అయిపోయేది. మొదటి పది నిమిషాలు నాకు ఊపిరాడలేదు. కౌంట్ ఎక్కడ, జతి ఎక్కడ, మాట ఎక్కడ అని వెతుక్కున్నాను. తర్వాత వెతకడం మానేశాను. ఆ కాలి కండరం వణకడం కనిపించింది. వణుకును ఆ అమ్మాయి దాచలేదు. చాపమీద అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

చంద్రలేఖగారు భరతనాట్యం నేర్చి, కొన్నేళ్లు వేదిక వదిలేసి, మళ్ళీ వచ్చి 1985లో 'అంగిక' చేసినావిడ. భరతనాట్యాన్ని, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టును, యోగాను పక్కపక్కన పెట్టి, మూడింటికీ వెన్నెముక ఒకటే కదా అని చూపించారు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడ తెల్లజుట్టు విరబోసుకొని ఒక మూల కూర్చొని ఉన్నారు. వెళ్లి మాట్లాడే ధైర్యం లేకపోయింది. 2006 డిసెంబర్ 30న ఆవిడ పోయారు. అప్పుడే మాట్లాడి ఉండాల్సిందని ఇన్నేళ్లయినా అనుకుంటూనే ఉన్నాను.

అదే ఏడాది నేను బెంగళూరు చేరాను. జయచంద్రన్ పాలాళిగారు 1992లో స్థాపించిన నృత్యసంస్థ అట్టక్కలరి పేరు అప్పటికే డాన్సర్లలో వినిపిస్తుండేది. బెంగళూరులో పొద్దున కలరి, తర్వాత బ్యాలే, మధ్యాహ్నం సమకాలీన నృత్యం. కలరిలోని ఏనుగు భంగిమ గజవడివులో కూర్చుంటే అరమండి బాగా సాయపడింది. కానీ నేలమీద పడటం మాత్రం నాకు చాలాకాలం రాలేదు. కూచిపూడిలో నేలను పాదంతో పలికిస్తాం. అడుగు వేసేముందు నేలకు దణ్ణం పెట్టి, తొక్కుతున్నందుకు క్షమించమంటాం. ఇక్కడేమో తుంటి, పక్కటెముకలు, వీపు, చెంప, అన్నీ నేలకు అప్పజెప్పమంటారు. దెబ్బ తగలకూడదంటే గట్టిగా ఉండకూడదు, కరగాలి. ఒంటినిండా నీలం మచ్చలు. నెలలు గడిచాక ఒకరోజు దొర్లి లేచినప్పుడు చప్పుడు కాలేదు. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు.

అక్కడే కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ పరిచయమైంది. 1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన పద్ధతి. ఇద్దరి ఒళ్లు తగిలిన బిందువు దగ్గర ఒకరి బరువు ఒకరికి ఇచ్చుకుంటూ, ముందుగా ఏమీ అనుకోకుండా కదలాలి. నమ్మకం గురించి ఎన్ని మాటలు చెప్పినా రానిది, ఎదుటివాడి వీపుమీద పూర్తి బరువు వదిలేసిన క్షణంలో వస్తుంది. మా వాడకట్టులో పడుగు చాచే పని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తెల్లవారుజామున వీధి పొడవునా పోగులు చాచి, ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు లాగిపట్టుకుంటే, మధ్యలో ఉన్నవాళ్లు గంజి పట్టించి కుంచెతో దువ్వుకుంటూ పోతారు. ఒకడు వదిలితే అందరి కష్టం నేలపాలు. చేతుల్లోని బిగువుతోనే ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. ఎండెక్కకముందే అయిపోవాలి కాబట్టి మాటలుండవు.

సెలవుల్లో హైదరాబాదు వచ్చి మాస్టారికి నేను నేర్చుకుంటున్నది చూపించాను. పది నిమిషాలు చూశారు. "సాహిత్యం లేని నాట్యమేమిటయ్యా?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నను పాతకాలపు చాదస్తమని కొట్టిపారేసే మిత్రులున్నారు. నేనలా అనుకోను. కూచిపూడిలో పదానికి అడుగు ఊరికే పడదు, దాని వెనక అర్థం ఉంటుంది. మాట తీసేస్తే ఆ బాధ్యత ఎవరు మోస్తారన్నదే ఆయన అడిగింది. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి నృత్యానికీ మొదటి రోజు నోట్‌బుక్‌లో ఆ ప్రశ్నే రాసుకుంటున్నాను.

2010లో హైదరాబాదు తిరిగొచ్చాను. ఈ పదిహేనేళ్లలో ఎలా బతికానని కొత్త పిల్లలు అడుగుతుంటారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. సమకాలీన నృత్యం టిక్కెట్లతో నా ఇల్లు ఒక్క నెల కూడా గడవలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్కూళ్ల వార్షికోత్సవాలు, పెళ్లిళ్ల సీజన్‌లో సంగీత్‌లు, ఐటీ కంపెనీల వేడుకలు, మిగతా రోజుల్లో సాయంత్రం క్లాసులు. పెళ్లికూతురి మేనత్తలకు స్టెప్పులు నేర్పడం కూడా నాకిష్టమే. నలభయ్యేళ్లుగా ఒంటిని కదిలించని మనిషి చెయ్యి మొదటిసారి తల దాటి పైకి లేచినప్పుడు ఆమె మొహం చూడాలి. ఆ డబ్బుతోనే నా బృందంలోని నలుగురికీ రిహార్సల్ రోజులకు ఇవ్వగలిగాను. తక్కువైనా సరే, రిహార్సల్‌కు డబ్బు ఇవ్వకుండా ఎవరితోనూ పనిచేయించలేదు. కొందరు ఆర్గనైజర్లు "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది" అని ప్రయాణ ఖర్చులు కూడా ఎగ్గొట్టినప్పుడు అప్పు చేసి ఇచ్చాను.

చోటు దొరకడం మరో కష్టం. ఫంక్షన్ హాలు పగటిపూట ఖాళీగా ఉంటే గంటల లెక్కన తీసుకునేవాళ్లం. కింద షాబాద్ బండలు. నేలమీద దొర్లే నాట్యానికి కిందినుంచి కొంచెం సాగే చెక్క నేల కావాలి. బండ ఏమీ తీసుకోదు, వేసిన బరువంతా మోకాలికే తిరిగిస్తుంది. 2012లో నా ఎడమ మోకాల్లో మినిస్కస్ అనే మెత్తటి ఎముక చిరిగింది. ఎనిమిది నెలలు ఆడలేదు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం అప్పటికే తెరుచుకుంది. ఆ ఆరుబయట వేదిక, చుట్టూ బండరాళ్లు, కప్పు చాయ్‌తో గంటలకొద్దీ కూర్చోనిచ్చే మనుషులు. కర్ర పట్టుకొని అక్కడికెళ్లి వేరేవాళ్ల ప్రదర్శనలు చూసేవాణ్ణి.

ఉదయ్‌శంకర్ లాంటి గొప్ప నర్తకుడు 1930ల చివర్లో అల్మోరాలో పెట్టిన నృత్య కేంద్రమే కొన్నేళ్లకు డబ్బుల్లేక మూతపడింది. 2020 డిసెంబర్‌లో ఆస్తాద్ దేబూగారు పోయినప్పుడు కూడా అదే ఆలోచించాను. కథక్, కథకళి నేర్చి, దేశంలో సమకాలీన నృత్యం అన్న మాటే సరిగా లేని కాలంనుంచి తన దారిన తాను ఆడుతూ వచ్చారు. వినపడని పిల్లలతో ఏళ్లకొద్దీ నృత్యాలు చేయించారు. వాళ్లను తలుచుకున్నప్పుడు నా అద్దె బాధలు చెప్పుకోబుద్ధి కాదు.

మోకాలు దెబ్బతిన్న ఆ ఎనిమిది నెలలు ఎక్కువభాగం మా ఊళ్లోనే ఉన్నాను. అప్పటికి మా ఇంట్లోకి ఆసు యంత్రం వచ్చింది. మా పక్కనే శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు, వాళ్లమ్మ లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక, చదువు పెద్దగా లేకున్నా ఏళ్లతరబడి కుస్తీపడి 1999లో తయారుచేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక కొడుకు అమ్మ భుజాన్ని చూసి యంత్రం కట్టాడు. అదే నొప్పిని చూస్తూ పెరిగిన నేను ఏం చేశానని చాలా రాత్రులు ఆలోచించాను. మల్లేశంగారు నొప్పి పోగొట్టారు. ఆ పని నా చేతకాదు. కానీ ఆ కదలిక కూడా పోతోంది. పదేళ్లు పోతే ఆ చెయ్యి ఎట్లా తిరిగేదో చూపించేవాళ్లుండరు. నొప్పి పోవాల్సిందే. కదలికను ఎక్కడో ఒకచోట దాచాలి.

మోకాలు కుదిరాక 2013లో పని మొదలుపెట్టాను. నలుగురు డాన్సర్లు, ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. నేను చూసి రాసుకున్న కదలికను చేతితో చేయించాను, తర్వాత భుజంతో, వెన్నుతో, నేలమీద పడుకొని కాలితో. వేగం మార్చాను, నలుగురినీ కొయ్యల్లా నిలబెట్టి ఒకరి చుట్టూ ఒకరిని తిప్పాను. చూడ్డానికి బాగానే ఉంది. అందంగా ఉంది కూడా. ఎందుకో నాకు మాత్రం నచ్చడం లేదు. మూడో నెలలో అమ్మను రిహార్సల్‌కు తీసుకొచ్చాను.

గోడకు ఆనుకొని కూర్చొని మొత్తం చూసింది. అయిపోయాక ఆ పిల్లలందరికీ నీళ్లిచ్చి, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది.

"మంచిగనే ఉంది గని, చెయ్యి ఉత్తగ పోతుంది బిడ్డా. పోగేది?"

"పోగు లేదమ్మా. ఉన్నట్టు ఆడుతున్నరు."

"ఉన్నట్టు ఆడుతలేరు. పోగుంటే చెయ్యి నువ్వు అనుకున్నంత జల్దీ వాపస్ రాదు. అది గుంజుతది. జర ఎక్కువ గుంజితే తెగుతది, తక్కువ గుంజితే వేలాడుతది. ఎంత గుంజాల్నో ఏలుకే తెలుస్తది."

మర్నాడు ఊరికెళ్లి అటక మీది పాత ఆసు దించి, రైల్లో నా సీటు పక్కన నిలబెట్టుకొని తెచ్చాను. రెండు వారాలు నృత్యం ఆపేశాం. అమ్మ మాతోనే ఉండిపోయి నలుగురికీ ఆసు పోయడం నేర్పింది. మొదటి రోజంతా పోగులు తెగడమే. ఒకమ్మాయికి ఏడుపొచ్చింది. అమ్మ తెగినచోట ముడివేసి మళ్ళీ చేతికిచ్చింది, ఏమీ అనలేదు. పదో రోజుకు వాళ్ల భుజాల్లో తేడా వచ్చింది. పోగు తీసేసి ఆడమన్నప్పుడు చెయ్యి గాలిలో ఒకచోట ఆగి, తనను ఎవరో పట్టుకున్నట్టు, నిదానంగా వెనక్కొచ్చింది. మాస్టారి ప్రశ్న గుర్తొచ్చింది. సాహిత్యం లేదు, కానీ ఆ చేతిలో ఏదో ఉంది. పాట తీసేశాను. కొయ్యకు పోగు తగిలే సన్నటి చప్పుడు రికార్డు చేసి, అదొక్కటే ఉంచాను.

ఆ ఏడాది చివర్లో ప్రదర్శన. మాస్టారు వచ్చారు, ముందు వరుసలో కూర్చున్నారు. అయిపోయాక నా తలమీద చెయ్యి పెట్టి, "ఆ మూడో అమ్మాయి అరమండి చూడు, సరిగా లేదు" అని చెప్పి వెళ్లారు. ఆయన మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

అమ్మ జనం పోయేదాకా కూర్చొని, ఆసును గుడ్డతో తుడిచి, దానికి కప్పే చీర కప్పింది. నేను మేకప్ తీసుకొని వచ్చేసరికి చేతిసంచీ సర్దుకుంటోంది.

"మొత్తం ఎన్నిసార్లు తిప్పిన్రు బిడ్డా?"

లెక్క నాకు తెలుసు. నృత్యంలో ప్రతి విసురునూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"నాలుగు వందల పన్నెండు."

"గంతేనా?" అంది అమ్మ. కుడి భుజాన్ని ఒకసారి ఎడమచేత్తో రుద్దుకొని, సంచీ అందుకొని, కాజీపేట బండికి టైమైతుందని నన్ను తొందరపెట్టింది.